సర్దుకోవాల్సింది ఎవరు?

తెలుగులో సర్దుకోవడం రెండు రకాలు. పెట్టె సర్దుకోవడం, బతుకు సర్దుకోవడం. మొదటిది ప్రయాణానికి ముందు రాత్రి చేస్తాం. రెండోది ఆటిజం ఉన్న పిల్లవాడి తల్లి పొద్దున్న లేచింది మొదలు చేస్తూనే ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి చేయాల్సిన యోగం కిందటేడాది నాకు పట్టింది. డాలస్‌లో మా ఆడపడుచు ఇల్లు కొనుక్కుంది. "వదినా, పిల్లవాణ్ని తీసుకుని మీరిద్దరూ రావాల్సిందే" అని ఫోన్ చేసింది. 'పిల్లవాణ్ని తీసుకుని' అన్న ముక్క మా చుట్టాల నోట నేను వినడం అదే మొదలు. ఆ సంబరంలో సరే అనేశాను.

మర్నాటికి మా హాల్లో పెద్దల సభ కొలువుదీరింది.

"వాడికి అమెరికా ఏం అర్థమవుతుందే?" అని మా పెద్దత్తయ్య మొదలెట్టింది. ఆవిడ రెండేళ్ల కిందట నయాగరా చూసొచ్చింది. ఏం అర్థమైందని ఇప్పటిదాకా ఎవరూ ఆవిడని అడగలేదు. అక్కడ ఉప్మా దొరకలేదని మాత్రం అడక్కుండానే అందరికీ చెప్పింది. "వాణ్ని మా దగ్గర వదిలేసి మీరు హాయిగా వెళ్లి రండి" అన్నాడు బాబాయి. తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం, ఒక్క గంట వాడి పక్కన కూర్చోని మనిషి, ఇరవై రోజులకి పూచీ పడిపోయాడు. ఇంత ఉదారమైన హామీలు ఎన్నికలప్పుడు తప్ప వినం. "విమానం ఎక్కే ముందు కాస్త దగ్గుమందు పట్టించమ్మాయ్, దిగేదాకా పడుకుంటాడు" అంది పక్కింటి పిన్నిగారు. అలాంటి మందులు కొందరు పిల్లల్ని పడుకోబెట్టవు సరికదా, ఉన్న నిద్ర కూడా చెడగొట్టి గంతులేయిస్తాయని డాక్టర్లు మొత్తుకుంటారు. దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు. ఆ ప్రయోగం ఆకాశంలోనే ఎందుకు చేయాలో పిన్నిగారు చెప్పలేదు.

చివరికి సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: "వాడికి అలవాటు తప్పితే పడదు కదమ్మా. సర్దుకోలేడు."

తీర్మానం చేసినవాళ్లెవరో కాస్త చూడండి. మా మామగారికి పొద్దున్న అయిదున్నరకి, అదే స్టీలు గ్లాసులో, అదే వేడిలో కాఫీ పడకపోతే ఆ రోజుకి మాటల్లేవు. ఆయనకంటే ముందు ఎవరైనా పేపరు మడత విప్పితే ఇంట్లో కర్ఫ్యూ. పెద్దత్తయ్య భూగోళానికి అవతలి పక్కకి ఆవకాయ, గోంగూర, కందిపొడి మోసుకెళ్లి, సూట్‌కేసులో ఊరిన నూనెని ఇప్పటికీ ఉతుకుతూనే ఉంది. బాబాయి రాహుకాలం చూడనిదే గుమ్మం దాటడు. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరతాడు. వీళ్లెవరికీ ఏమీ లేదు. వీళ్లవి పద్ధతులు, పట్టింపులు, సంప్రదాయాలు. మావాడు నీలం ప్లేటులోనే పెరుగన్నం తింటానంటే మాత్రం అది లక్షణం. దానికో థెరపీ, గంటకింతని ఫీజు.

"పోనీ, ఏదైనా గ్రూపు టూరులో చేరి ఆ ఊళ్లన్నీ చూసేస్తే?" అన్నారు మావారు, పరిష్కారం దొరికిన మొహంతో. టూరు ఏజెంటు బొమ్మల పుస్తకం తెరిచాడు. పది రోజులు, ఎనిమిది ఊళ్లు, పొద్దున్న ఆరింటికి లేపుడు ఫోను, బస్సులో తప్పనిసరి అంత్యాక్షరి. మావాడి గురించి చెప్పగానే పుస్తకం సగం మూశాడు. "బాబు అందరితో కలిసిపోతాడా మేడం? గ్రూపుకి ఇబ్బంది కాకూడదు చూడండి." నలభై మంది కలిసి, సూర్యుడు లేవకముందే, మైకులో అంత్యాక్షరి పాడితే ఇబ్బంది కాదట. అది విని ఒక పిల్లవాడు చెవులు మూసుకుంటేనే ఇబ్బందట. పుస్తకంలో మిగిలిన సగం నేను మూసి వచ్చేశాను.

వీసాకి మొదటి మెట్టు ఫొటో. రెండంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, వెనక తెల్లగోడ. కళ్లు తెరిచి, తిన్నగా కెమెరాలోకి చూస్తూ, మొహంలో ఏ భావమూ లేకుండా ఉండాలి. ఆరేళ్లుగా థెరపీలో మావాడికి నూరిపోస్తున్నది రెండే: ఎదుటివాళ్ల కళ్లలోకి చూడు, మొహంలో భావం చూపించు. మొదటిది వాడికి రాలేదు. రెండోది అమెరికాకి అక్కర్లేదు. ఫొటో స్టూడియో అబ్బాయి చిటికెలు వేశాడు, చిలక అన్నాడు, కోతి అన్నాడు, చివరికి తనే కోతి అయ్యాడు. ముప్పై ఫొటోలయ్యాక మావారు మూలనున్న టేబుల్ ఫ్యాను తెచ్చి, సరిగ్గా కెమెరా వెనక పెట్టి, స్విచ్చి వేశారు. అంతే. ఆ ఏకాగ్రత, ఆ నిర్వికారం, మహర్షులకి కూడా ఉండదు. అమెరికా ప్రభుత్వం దగ్గరున్న ఫొటోలో మావాడు చూస్తున్నది ఆ ఫ్యానుని. ఈ సంగతి మన మధ్యనే ఉండనివ్వండి.

తర్వాత డీఎస్-160 అనే ఫారం. అందులో భద్రతా ప్రశ్నల మొదట్లోనే ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగింది. నీకు గానీ, ఇతరులకి గానీ ముప్పు తెచ్చే మానసిక, శారీరక రుగ్మత ఏదైనా ఉందా అని దాని సారాంశం. వాడివల్ల లోకానికి ఇప్పటిదాకా వచ్చిన ముప్పు మా మామగారి పేపరు మడత విప్పడం ఒక్కటే. 'లేదు' అని నొక్కాను. నొక్కుతున్నంతసేపూ ఏదో దాస్తున్న దొంగలా గుండె దడదడలాడింది. ఆ గండం దాటాక మిగతావన్నీ తేలిక. మాదకద్రవ్యాల రవాణా చేశావా? లేదు. గూఢచర్యానికి వస్తున్నావా? లేదు. ఉగ్రవాద సంస్థలో సభ్యుడివా? లేదు. నరమేధంలో పాల్గొన్నావా? లేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడి తరఫున, రాత్రి పదకొండింటికి ఇన్ని మహాపాతకాలు కడిగేసుకున్నాను. గూఢచారులు, ఉగ్రవాదులు కూర్చునే ఆ పంక్తిలోనే, ఇంకో విస్తరి వేసి, తెలిసో తెలియకో మా పిల్లల్ని కూడా కూర్చోబెట్టారు.

ఇక ఏ కాన్సులేటుకి వెళ్లేవాడైనా ముందు వెళ్లే చోటికి మేమూ వెళ్లాం. చిలుకూరు. గండిపేట చెరువు దగ్గరి బాలాజీకి కోరిక చెప్పుకోడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఇంట్లో మావాడు గుండ్రంగా తిరిగితే "అదిగో, మళ్లీ మొదలెట్టాడు" అంటారు. చిలుకూరులో వాడితో పాటు వందలమంది తిరుగుతున్నారు. బీటెక్కులు, ఎంటెక్కులు, వాళ్ల అమ్మానాన్నలు, చేతుల్లో అంకెలేసిన కాగితాలు, చుట్టుకో టిక్కు. ఆ గుంపులో కాగితం అక్కర్లేనివాడు మావాడొక్కడే. వీసా వచ్చాక 108 తిరిగినప్పుడు, 73 దగ్గర వాళ్ల నాన్న రెండు టిక్కులు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎంత భక్తమ్మా ఈ పిల్లవాడికి!" అని ఒక పెద్దావిడ వాడి గడ్డం పుణికి వెళ్లింది. అపార్టుమెంటు మెట్ల దగ్గర చేస్తే స్టిమ్మింగ్ అనే లక్షణం. గుడి చుట్టూ చేస్తే ప్రదక్షిణం. తొమ్మిదేళ్లలో మావాడు నలుగురిలో ఒకడిగా కలిసిపోయిన చోటు అదొక్కటే. కారణం వాడు మారాడని కాదు, నలుగురూ వాడిలా తిరుగుతున్నారు కాబట్టి.

వీసా అయింది. ఇక సర్టిఫికెట్ల పర్వం. 1995 నాటి చట్టం మన దేశంలో వైకల్యాలు 7 రకాలని లెక్క తేల్చింది. అందులో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ లెక్కని 21కి పెంచి ఆటిజానికీ ఓ పీట వేసింది. పీట మీద కూర్చోవాలంటే వైకల్య సర్టిఫికెట్ కావాలి, దానికి 40 అంశాల కొలమానం మీద పిల్లవాణ్ని తూచాలి, తూచాక 40 శాతమైనా తేలాలి. బళ్లో పాసు మార్కులు 35; ఇక్కడ 40. బిడ్డకి మార్కులు ఎక్కువ రావాలని మొక్కుకోవాలో, తక్కువ రావాలని మొక్కుకోవాలో తెలియక తల్లి బిక్కమొహం వేసే పరీక్ష దేశంలో ఇదొక్కటే.

అన్నట్టు, పేర్ల విషయంలో మాత్రం మనవాళ్లు ఎప్పుడూ లోటు చేయలేదు. వికలాంగులు అన్నారు. అది బాగోలేదని 2015లో దివ్యాంగులు అన్నారు. అదీ చాలక విభిన్న ప్రతిభావంతులు అన్నారు. యూఏఈ వాళ్లు 2017లో దృఢ సంకల్పం గలవాళ్లు అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. పేరు మార్చడానికి ఒక జీవో చాలు. మెట్ల పక్కన ర్యాంపు కట్టడానికి సిమెంటు కావాలి. క్యూలో మా పిల్లవాణ్ని ముందుకి పంపడానికి ఓ మనిషి కావాలి. సిమెంటూ మనిషీ రెండూ ఖరీదే. అందుకని పేరు దివ్యంగా ఉంటుంది, క్యూ యథాతథంగా ఉంటుంది.

విమాన సంస్థకి సాయం కావాలని 48 గంటల ముందు చెప్పాలి. చెప్పాను.

"వీల్‌చెయిర్ కావాలా మేడం?"

"అక్కర్లేదండీ, నడుస్తాడు."

"మరి ప్రాబ్లమ్ ఏంటి మేడం?"

"క్యూలో గంటసేపు నిలబడలేడు. రద్దీ, మైకులు, ఎవరైనా మీద చెయ్యి వేయడం, ఇవి తట్టుకోలేడు. ఆటిజం."

కొంచెం సంగీతం వినిపించింది. "అయితే వీల్‌చెయిర్ పెట్టేస్తున్నా మేడం."

నలుగురు మారాక అయిదో అమ్మాయికి తెలిసింది, ఇలాంటి ప్రయాణికుల కోసం డీపీఎన్‌ఏ అని ఓ కోడ్ ఎప్పటినుంచో ఉందని. టికెట్లో ఆ నాలుగక్షరాలు ఎక్కించుకోడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ప్రయాణం రోజున గేటు దగ్గర చూద్దును కదా, వీల్‌చెయిర్ల బారు కురుక్షేత్రంలో రథాల్లా తీరి ఉంది. అన్నింటి మీదా మన అత్తయ్యలు, మామయ్యలు, ఒళ్లో పచ్చళ్ల సంచులు. అందరికీ మోకాళ్ల నొప్పులే కాదు. ఇంగ్లీషు రాదు, దారి తెలియదు, పరాయి దేశంలో ఎవరు ఏమడుగుతారోనని భయం. చక్రాల కుర్చీ వాళ్లకి దొరికిన దుబాసీ. వాళ్లనేం అనను. సాయం అంటే చక్రాలున్న కుర్చీ మాత్రమే అనుకున్న ఏర్పాటుని అంటాను. చక్రాలు లేని కష్టమేదీ దాని కంటికి ఆనదు.

చట్టాలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. 2012లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ని కోల్‌కతాలో విమానం ఎక్కాక దించేశారు. ఆవిడ వెళ్తున్నది గోవాలో సదస్సుకి. నాలుగేళ్లు పోరాడితే 2016లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. 2022 మే నెలలో రాంచీలో వైకల్యం ఉన్న ఓ పిల్లవాణ్ని, బెదిరిపోయి ఉన్నాడని విమానం ఎక్కించుకోలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ విమాన సంస్థకి 5 లక్షల జరిమానా వేసింది. ఆ తర్వాత నిబంధన సవరించారు: వైకల్యం ఉందని ఎవరినీ నిరాకరించకూడదు, గాల్లో ఆరోగ్యం దెబ్బతింటుందన్న అనుమానం ఉంటే డాక్టరు స్వయంగా చూసి చెప్పాలి. అంటే అంతకుముందు ఆ రోగనిర్ణయం గేటు దగ్గర టై కట్టుకున్న మేనేజరు చేసేవాడన్నమాట. ఆ నిబంధన నాలుగు ప్రతులు ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్నాను. పిల్లవాడికి చెవుల మీద హెడ్‌ఫోన్స్, నాకు చేతిలో కాగితం. ఎవరి కవచం వాళ్లది.

సర్టిఫికెట్లలో ఇంకో రకమూ ఉంది. అమెరికాలో, అరిజోనాలోని మేసా అనే ఊరు ఆటిజం ఉన్నవాళ్లకి అనువైన చోటని 2019లో సర్టిఫికెట్ తెచ్చుకుంది. 2025లో దుబాయ్ తెచ్చుకుంది. హోటళ్లవాళ్లు, విమానాశ్రయం వాళ్లు శిక్షణ పొంది గోడకి పటం తగిలించుకున్నారు. ఇందులో పర్యాటకుడి జేబు మీద ప్రేమ లేదని నేననను. కానీ తేడా చూడండి. అక్కడ సర్టిఫికెట్ ఊరు తెచ్చుకుంటోంది. మన దగ్గర పిల్లవాడు తెచ్చుకోవాలి.

ఇక మా ఏర్పాట్లు. బోస్టన్‌లో 2011 నుంచి ఇలాంటి పిల్లల కోసం విమానం ఎక్కే రిహార్సల్ పెడుతున్నారు. చెకిన్, తనిఖీ, సీటు, బెల్టు, అన్నీ ఉంటాయి, విమానం మాత్రం ఎగరదు. ఎగరని విమానం మాకు దొరకలేదు కాబట్టి డైనింగ్ టేబుల్ కుర్చీలు మూడేసి వరసలుగా వేశాం. చున్నీ బెల్టు. ప్రెషర్ కుక్కర్ ఇంజను. మావారు ఫోన్లో విమానం ప్రకటనలు పెట్టారు. ఇరవై రెండు పేజీల బొమ్మల పుస్తకం చేశాను: కారు, క్యూ, ట్రే, యంత్రం. అందులో ముఖ్యమైన పేజీ ఒకటే: 'సంచి యంత్రంలోకి వెళ్తుంది. మళ్లీ బయటికి వస్తుంది.' నెలరోజులు, రోజూ రాత్రి. పదిరోజుల్లో మావాడికి ప్రకటనలన్నీ కంఠతా వచ్చేశాయి, ఆ విమానపు గొంతుతో సహా. రిహార్సల్లో తప్పింది మా మామగారొక్కరే. కిటికీ పక్క కుర్చీ తనదని, ముప్పై ఏళ్లుగా తనదని, లేవనన్నారు.

పొద్దుతిరుగుడు పూల పట్టీ కూడా సంపాదించాం. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది ఇది. పైకి కనబడని ఇబ్బంది ఉన్నవాళ్లు మెడలో వేసుకుంటే, సిబ్బంది కాస్త నిదానంగా, నెమ్మదిగా ఉంటారు. రుజువులు అడగరు. మంచి ఆలోచన. ఒక్కటే చిక్కు: మెడకి ఏది తగిలినా మావాడు ఒప్పుకోడు. చొక్కా లేబుళ్లే కత్తిరించి తొడుగుతాం. అందుకని నేనొకటి, మావారొకటి వేసుకున్నాం. పెళ్లిదండల తర్వాత ఇద్దరం ఒకే పూలు మెడలో వేసుకోవడం మళ్లీ అప్పుడే. "ఏ కంపెనీ కాన్ఫరెన్స్ సార్?" అని అడిగాడు ఒక కౌంటర్లో అబ్బాయి.

తనిఖీ దగ్గర రెండు గంభీరమైన సమస్యలు లేచాయి. ఒకటి, పెరుగన్నం ఘనమా, ద్రవమా? వంద మిల్లీలీటర్ల నిబంధన దీనికి వర్తిస్తుందా? ఇద్దరు అధికారులు డబ్బా మూత తీసి, వంచి, వేదాంతుల్లా చర్చించుకున్నారు. రెండోది ఇడ్లీ రేకు. అది లేనిదే మావాడు గడప దాటడు. వేలి మీద పెట్టి తిప్పుకుంటాడు.

"ఇదేంటమ్మా?"

"ఇడ్లీ రేకండి."

"విమానంలో ఇడ్లీ వేస్తారా?"

నేను నోరు తెరిచేలోపు మావాడు ఇరవై రెండు పేజీల్లోని ఆ ఒక్క వాక్యాన్ని గట్టిగా చదివాడు: "మళ్లీ బయటికి వస్తుంది." వచ్చింది.

అంతా పుస్తకంలో రాసినట్టే జరగలేదు. దుబాయ్‌లో మేం ఎక్కాల్సిన విమానం గేటు చివరి నిమిషంలో మారింది. ఆ పేజీ నేను వేయలేదు. మావాడు నేల మీద పడుకుని, చెవులు మూసుకుని, ఇరవై నిమిషాలు అరిచాడు. చుట్టూ మనుషులు, చేతుల్లో ఫోన్లు. మెడలో పూల పట్టీలతో మేమిద్దరం గుడి ముందు విగ్రహాల్లా నిలబడ్డాం. అప్పుడు నేల తుడిచే ఒకాయన తన బండి తోసుకుంటూ వచ్చాడు. ఒక్క చూపు చూసి, బండి అడ్డంగా పెట్టి, 'నేల తడిగా ఉంది' అని హెచ్చరించే పసుపు బోర్డులు మూడు తీసి మా చుట్టూ నిలబెట్టాడు. జనం దూరం నుంచే చుట్టూ తిరిగి వెళ్లడం మొదలెట్టారు. "పోరడు బుగులు పడ్డట్టుండు అక్కా. జరసేపు ఇడిసిపెట్టుండ్రి, ఎవ్వలూ రారు ఇటు" అన్నాడు. జగిత్యాల పక్క మనిషట, పన్నెండేళ్లుగా అక్కడే. నేల తడిగా లేదు. ఆయన మెడలో పూలూ లేవు, ఆయన పేరున ఏ సర్టిఫికెట్టూ లేదు. మావాడు లేచి కూర్చుని రేకు తిప్పడం మొదలెట్టాక బోర్డులు తీసుకుని తన పని మీద వెళ్లిపోయాడు.

డాలస్‌లో చక్రాలు నేలని తాకాయి. తాకీ తాకగానే టపటపా బెల్టులు ఊడాయి. విమానం ఇంకా పరిగెడుతూనే ఉంది. ముందు వరసలో ఒకాయన సూట్‌కేసు నెత్తి మీదికి దించుకుంటున్నాడు. రథాల మీద వచ్చిన అత్తయ్యలు అందరికంటే ముందు లేచి, పచ్చళ్ల సంచులు పట్టుకుని నడవాలో నిలబడ్డారు. మోకాళ్లన్నీ క్షేమం. విమానం నిండా లేచినవాళ్లే. కూర్చున్నవాడు ఒక్కడే. బెల్టు బిగించుకుని, నెత్తి మీద వెలుగుతున్న ఆ చిన్న గుర్తునే చూస్తూ, విమానపు గొంతుతో మావాడు గట్టిగా అన్నాడు: "ప్లీజ్ రిమైన్ సీటెడ్."

సూట్‌కేసు పెద్దమనిషి కిందికి చూశాడు. వాణ్ని చూశాడు, రేకుని చూశాడు, నా మెడలో పూలని చూశాడు. మెల్లిగా, జాలిగా, నా వైపు వంగాడు.

"బాబుకి ఏదైనా ప్రాబ్లమా అమ్మా?"

"ఏం లేదండీ. ఆ గుర్తు ఇంకా ఆరలేదు. మీరు కాస్త కూర్చోండి."